ఫ్రాంచైజీ తగవులు – మధ్యవర్తి తీర్పు – రాష్ట్రశాసనములు

(మహాసభ రెండవనాటి సమావేశమునందు చేసిన యుపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, విద్యార్థివసతిగృహమును గూర్చియు, వివాహవ్యయములను తగ్గించుకొనుటను గూర్చియు నిన్నటినుండి పెద్దలు హృద్యముగా ప్రసంగించిరి. మాకు నియమింపబడిన విషయము అంత వినసొంపైనది కాదు. అయినను గడచిన కొన్ని యేండ్లలో మన కుటుంబములలో పోయిన ధనమును లెక్క వేసినచో, పెండ్లి పందిళ్లలో పోయినదానికంటె చదువక సంతకము పెట్టిన కాగితములమూలమున పోయినది తక్కువ కాదని మాకు తోచుచున్నది. కావున కొంచెము ఓర్పుతో వినవలెనని ప్రార్థించుచున్నాము.

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములు మన పెద్దలు ఎఱిగినట్టివి కావు నేడు. మన తాతలనాడు మేడ్చలనగా సికింద్రాబాదునుండి నిజామాబాదునకు పోవు రైలు ఆగుచోటు; శామీర్‌పేటయనగా పెద్దచెఱువు, కరీంనగరు బాట. ఇప్పుడు ఆ రెండు బాటలను బాహ్యవలయరహదారి కలిపివేసినది. ఒకప్రక్క జీనోమ్ వ్యాలీ పరిశోధనశాలలు, ఒకప్రక్క కళాశాలలు, నడుమ క్రొత్తక్రొత్త నివాసములు. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన మేడ్చల్–మల్కాజిగిరి ప్రత్యేకజిల్లాయే అయినది. జనము వచ్చినచోటికి కొట్లు వచ్చుట సహజము. అయితే ఈ కొట్లమీది బోర్డులను చూడుడు. పూర్వము కొట్టువాని పేరు బోర్డుమీద నుండెడిది. నేడు తేనీటి యంగడి, రొట్టెల యంగడి, మందుల దుకాణము, పసిపిల్లల బడి, కొరియరు ఆఫీసు – పెక్కింటిమీద ఎక్కడనో నున్న కంపెనీ పేరు కలదు. లోపల గల్లాపెట్టె యొద్ద కూర్చున్నవాడు మాత్రము మన పిల్లవాడు. దీనినే ఫ్రాంచైజీ యందురు. పేరుపొందిన వారి పేరును, పద్ధతిని, సరకును వాడుకొనుటకు మొదట కొంత రుసుమును, పిదప నెలనెలకు అమ్మకముమీద కొంత భాగమును చెల్లించునట్టి యొడంబడిక యిది.

ఈ వ్యాపారమును మేము నిందించుటలేదు. అనుభవములేని యువకునకు సిద్ధమైన పద్ధతి దొరకుట మేలే. దీనివలన బాగుపడినవారు ఈ సభయందే కలరు. అట్లే తమ మిఠాయి కొట్టు పేరును, పచ్చళ్ల పేరును ఇతరులకు ఫ్రాంచైజీగా నిచ్చినవారును మనలో నున్నారు. మేము చెప్పబోవునది ఇరువురకును సంబంధించినది. వ్యాపారము బాగుగా నడచునపుడు కాగితముతో పనిలేదు. తగవు వచ్చిననాడు ఆ కాగితమే న్యాయాధిపతి యగును.

మేమెఱిగిన యొక సంగతి మనవి చేసికొందుము. పేర్లు అనవసరము. శామీర్‌పేట వైపునకు చెందిన యొక యువకుడు, తండ్రి రెండెకరములు అమ్మి యిచ్చిన పైకముతో మేడ్చల్ బాటమీద ఒక ముల్గీ అద్దెకు తీసికొని ఒక కంపెనీవారి ఫ్రాంచైజీ పెట్టెను. ప్రారంభోత్సవమునకు మమ్ము పిలిచిరి. దీపము వెలిగించినది మేమే. మిఠాయి తిని, నాలుగు మంచిమాటలు చెప్పి యింటికి వచ్చితిమి. పదునాలుగు నెలలు గడచునప్పటికి కంపెనీవారు అదే బాటమీద, రెండుమైళ్లలోపల, మఱియొకనికి ఫ్రాంచైజీ నిచ్చిరి. అమ్మకము సగమునకు పడిపోయెను. నెలభాగము బాకీపడెను. కంపెనీవారు ఒడంబడిక రద్దుచేసి, ధరావతు జమకట్టుకొంటిమని నోటీసు పంపిరి. అప్పుడా పిల్లవాడు కాగితములు చంకను బెట్టుకొని మా యింటికి వచ్చెను. నలువదిపుటల యొడంబడికను అప్పుడు మొదటిసారి చూచితిమి. తగవు పుట్టినచో మధ్యవర్తియే తీర్పు చెప్పవలెననియు, ఆ మధ్యవర్తిని కంపెనీవారే నియమింతురనియు, విచారణస్థానము ఉత్తరదేశమందలి యొక మహానగరమనియు అందులో వ్రాసియుండెను. తన చుట్టుప్రక్కల ఇంకొక కొట్టు పెట్టరాదను మాట ఎక్కడను లేదు. “ఈ షరతు చదివితివా నాయనా?” అని అడిగితిమి. “అందఱును అదే కాగితముమీద సంతకము పెట్టుదురని చెప్పినారండీ” అనెను. దీపము వెలిగించిననాడే మేమాకాగితము అడిగి చూచియుండవలసినది. ఆ దోషము మాది. ఈ యుపన్యాసమునకు కారణమదియే.

మధ్యవర్తి తీర్పనునది మనకు క్రొత్తది కాదు. రచ్చబండమీద పెద్దలు కూర్చుండి పొలముగట్టు తగవును, భాగస్వాముల లెక్కను తీర్చిన కాలమును మనలో వృద్ధులెఱుగుదురు. వాది ప్రతివాదులిరువురును ఎఱిగిన పెద్ద, ఇరువురకును అందుబాటైన చోటు, ఇరువురును భరింపగల వ్యయము – ఈ మూడును దాని బలము. ఇంగ్లీషువారి కాలమున 1899లోను, పిమ్మట 1940లోను దీనికి శాసనములు పుట్టెను. ఇప్పుడు నడచుచున్నది 1996వ సంవత్సరపు ఆర్బిట్రేషన్ చట్టము. దీనిప్రకారము మధ్యవర్తి యొడంబడిక వ్రాతమూలకముగా నుండవలెను. అట్లు వ్రాసికొన్నపిదప ఒకడు కోర్టునకు పోయినను, రెండవవాడు సకాలమున ఆ షరతును చూపినచో కోర్టువారు మధ్యవర్తి యొద్దకే పంపుదురు. మధ్యవర్తి యిచ్చిన తీర్పు కోర్టు డిక్రీవలెనే అమలగును. దానిని కొట్టివేయించుకొనుటకు మూడునెలల గడువు, కారణము చూపినచో మఱి ముప్పదిదినములు మాత్రమే కలవు. అప్పుడైనను కోర్టువారు సాక్ష్యమును మరల తూచి చూడరు. కావున ఇది రాజీ మాట కాదు. రాజీ కుదుర్చువాడు వేఱు, తీర్పు చెప్పు మధ్యవర్తి వేఱు. ఈ భేదమును మనవారు మఱవరాదు.

ఇక మన ప్రభుత్వము, మన శాసనసభ మనలను ఈ విషయమున ఎంతవఱకు కాపాడునను ప్రశ్న వచ్చును. రాజ్యాంగమునందు ఒడంబడికలును, మధ్యవర్తి తీర్పును ఉమ్మడిజాబితాలో నున్నవి. అనగా కేంద్రమును రాష్ట్రమును రెండును శాసనము చేయవచ్చును. రెండింటికిని వైరుధ్యము వచ్చినచో, రాష్ట్రపతి యామోదము పొందిన రాష్ట్రశాసనము తప్ప, కేంద్రశాసనమే నెగ్గును. మధ్యప్రదేశ్ రాష్ట్రమువారు 1983లో ప్రభుత్వపు పనుల కంట్రాక్టు తగవులకు ప్రత్యేకధర్మాసనమును ఏర్పఱచుకొనిరి. ఫ్రాంచైజీ తగవులకు అట్టి యేర్పాటు ఏ రాష్ట్రమునను లేదు. అసలు ఫ్రాంచైజీని గూర్చిన ప్రత్యేకచట్టమే మన దేశమున లేదు. 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టమే యిందులకును ఆధారము.

అమెరికాలో నున్న మన పిల్లలలో కొందఱు అంగళ్లను, హోటళ్లను ఫ్రాంచైజీగానే నడుపుచున్నారు. అచ్చట ఈ విషయమై రాష్ట్రశాసనములు కలవు. కాలిఫోర్నియా రాష్ట్రము 1970లోనే ఫ్రాంచైజీ తీసికొనువారి రక్షణకై చట్టము చేసెను. దేశమంతటికిని వర్తించు 1979 నాటి నిబంధనప్రకారము కంపెనీవారు తమ వ్యాపారపు వివరములను ముందుగా తెలుపవలెను. సంతకమునకు పదునాలుగు దినములకు ముందే ఆ వివరపత్రమును చేతికీయవలెనని ఇప్పటి నియమము. ఇంత కట్టుదిట్టమున్నను మధ్యవర్తి షరతు విషయమున రాష్ట్రశాసనము నెగ్గలేదు. సెవెన్ ఎలెవెన్ అంగళ్లవారి వ్యాజ్యమున 1984లో అచ్చటి సుప్రీంకోర్టువారు, ఫ్రాంచైజీ తగవులు కోర్టులోనే తేలవలెనను కాలిఫోర్నియా నియమము 1925 నాటి కేంద్రపు ఆర్బిట్రేషన్ చట్టము ముందు నిలువదనిరి. మోంటానా రాష్ట్రమువారు, ఒడంబడిక మొదటిపుటయందే మధ్యవర్తి షరతు కలదని పెద్దక్షరములతో, క్రింద గీతతో తెలుపవలెనని చట్టము చేసిరి. ఎంత మంచి నియమము! ఒక సబ్‌వే కొట్టుయజమాని దీనిని ఆధారము చేసికొనెను. 1996లో సుప్రీంకోర్టువారు దానిని కూడ చెల్లదనిరి. మధ్యవర్తి షరతుకు మాత్రమే ప్రత్యేకించి అడ్డుకట్ట వేయుటకు రాష్ట్రమునకు అధికారము లేదని వారి యభిప్రాయము. తగవు పరరాష్ట్రమున తేల్చరాదను కాలిఫోర్నియా నియమమునకును, మధ్యవర్తి తీర్పు సందర్భమున, 2001లో ఒక అప్పీలు న్యాయస్థానమున అదే గతి పట్టెను.

ఇంతదూరము పోయి ఈ సంగతి ఎందుకు చెప్పితిమనగా, రాష్ట్రశాసనములు మెండుగానున్న దేశమునందే సంతకమునకు పిదప రక్షణ యింత స్వల్పమైనపుడు, అట్టి శాసనమే లేని మనకు సంతకమునకు ముందటి జాగ్రత్తయే ప్రధానరక్షణ. ఈ యుపన్యాసమున మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట యిదియే.

అయినను మన రాష్ట్రపు శాసనములు ఈ తగవులను స్పృశించు చోట్లు కొన్ని కలవు. వానిని వరుసగా మనవి చేయుదుము.

మొదటిది స్టాంపు సుంకము. ఇట్టి యొడంబడికలమీది స్టాంపు రేట్లను నిర్ణయించు అధికారము రాష్ట్రమునది. సరిగా స్టాంపు లేని కాగితమును కోర్టువారుగాని మధ్యవర్తిగాని సాక్ష్యముగా తీసికొనరాదు. లోటు సుంకముతోపాటు దానికి పదింతలవఱకు జరిమానా పడవచ్చును. స్టాంపు లేని కాగితములోని మధ్యవర్తి షరతు అసలు బ్రతికియున్నదా చచ్చినదా యను వివాదము కొన్నేండ్లు నడచెను. 2023 ఏప్రిల్‌లో అయిదుగురు న్యాయమూర్తులలో ముగ్గురు అది చెల్లదనిరి. అదే సంవత్సరము డిసెంబరు 13వ తేదీన ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ తీర్పును త్రోసివేసి, షరతు చెడదనియు, స్టాంపు లోటు సవరించుకొనదగినదేయనియు, ఆ విచారణ మధ్యవర్తి యొద్దనే జరుగవలెననియు తీర్మానించెను. కావున స్టాంపు లేదని యెదిరి భయపెట్టిన భయపడనక్కఱలేదు. కాని రెండువందల రూపాయలు మిగిలెనని సంతోషించి, తగవునాడు దానికి పదింతలు చెల్లించుట వర్తకుని లక్షణము కాదు. ఒడంబడిక పరరాష్ట్రమున వ్రాయబడి యిచ్చటికి వచ్చినచో, మన రాష్ట్రపు సుంకము ఎంతయో విచారించి తెలిసికొనుట మఱింత యవసరము.

రెండవది ముల్గీ అద్దె. తగవు కంపెనీతో; అద్దె యజమానితో. ఈ రెండును వేఱువేఱు కాగితములు. కంపెనీతో నున్న మధ్యవర్తి షరతు ముల్గీ యజమానిని కట్టదు. మన రాష్ట్రమున 1960 నాటి కట్టడముల అద్దె నియంత్రణచట్టము కలదు. ఆ చట్టమునకు లోబడిన అద్దె తగవు అచ్చటి న్యాయాధికారి యొద్దనే తేలవలెను గాని మధ్యవర్తి యొద్ద కాదు. అట్టి తగవులు మధ్యవర్తి పరిధిలోనివి కావని సుప్రీంకోర్టువారు 1981లోనే చెప్పిరి. అయితే నిర్ణీతపరిమితిని మించిన అద్దె కలిగిన కట్టడములకు ఆ చట్టము వర్తింపదు. హైవేమీది నేటి ముల్గీలలో చాలవఱకు ఆ పరిమితికి మించినవే. వానికి ఆస్తిబదలాయింపు చట్టమే ఆధారము. ఆ తగవులను మధ్యవర్తి తీర్చవచ్చునని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టువారు స్పష్టపఱచిరి. మేము చెప్పిన పిల్లవాడు ముల్గీ యజమానికి మూడేండ్లు ఖాళీచేయనని వ్రాసియిచ్చెను. కంపెనీవారు పదునాలుగవనెలలో బోర్డు దింపించిరి. బోర్డులేని ముల్గీకి ఏడునెలలు అద్దె కట్టెను. ఫ్రాంచైజీ రద్దయినచో అద్దె యొడంబడికయు ఇన్ని నెలల నోటీసుతో ముగియునని ఒక్క వాక్యము వ్రాయించుకొనియున్న ఆ నష్టము తప్పియుండెడిది.

మూడవది చిన్నపరిశ్రమల మండలి. మన మేడ్చల్ పారిశ్రామికవాడలలో పెద్దకంపెనీల పేరుమీద రొట్టెలు, చిరుతిండ్లు, పెట్టెలు తయారుచేసి యిచ్చువారు కలరు. 2006వ సంవత్సరపు సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టప్రకారము కొనుగోలుదారు నలువదియైదు దినములు మించకుండ పైకము చెల్లింపవలెను. తప్పినచో రిజర్వుబ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలకు చక్రవడ్డీగా పడును. ఆ తగవును విచారించుటకు రాష్ట్రప్రభుత్వమే మండలిని ఏర్పఱచును. ఒడంబడికలో ఏ నగరము వ్రాసియున్నను, సరకు ఇచ్చినవాడున్న చోటి మండలికే పోవచ్చును. ఒడంబడికలోని మధ్యవర్తి షరతుకంటె ఈ చట్టమే బలవత్తరమని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టువారు తీర్పు చెప్పిరి. ఫ్రాంచైజీవిషయమున ఇంటిముంగిట న్యాయము దొరకు చోటు ఇంచుమించుగా ఇదియొక్కటే. అయితే ఇది సరకు తయారుచేసి యిచ్చువానికిగాని, కంపెనీ సరకు కొని యమ్ము చిల్లరవర్తకునకు కాదు. తయారుచేయువారు ఒడంబడికకు పూర్వమే ఉద్యమ్ నమోదు చేయించుకొనుట క్షేమము.

నాలుగవది న్యాయస్థానము. మధ్యవర్తి తీర్పునకు సహాయముగా తాత్కాలికపు ఉత్తరువులిచ్చుటకును, తీర్పును పరీక్షించుటకును కోర్టు కావలెను. అది ఏ కోర్టు? మేడ్చల్‌లో కొట్టున్నది గనుక మన జిల్లాకోర్టేయని పలువురు తలంతురు. అది పొరపాటు. 2017లో ఇండస్ మొబైల్ వారి వ్యాజ్యమున సరకు చెన్నపట్టణమున అమ్ముడుపోయెను. సరఫరా ఢిల్లీనుండి జరిగెను. కాగితమున మాత్రము స్థానము ముంబాయియని యుండెను. ముంబాయిలో ఏమియు జరుగకున్నను ముంబాయి కోర్టులకే అధికారమని సుప్రీంకోర్టువారు నిర్ణయించిరి. స్థానమను ఒక్కమాట తక్కిన కోర్టుల తలుపులన్నింటిని మూసివేయునన్నమాట. స్థానము పరదేశమైనచో చెప్పనేల? ఉత్తరదేశమున మెక్‌డొనాల్డ్స్ కంపెనీకిని, వారి భాగస్వామికిని వచ్చిన తగవు లండన్ నగరమున మధ్యవర్తులముందు నడచెను. దానిని ఆపుటకు ఢిల్లీ హైకోర్టు ధర్మాసనము 2016లో నిరాకరించెను. 2017లో నూట అఱువదితొమ్మిది భోజనశాలల ఫ్రాంచైజీని కంపెనీవారు రద్దుచేసిరి. 2019లో ఇరుపక్షములు రాజీపడునప్పటికి ఆఱేండ్లు గడచెను. వారు భరింపగలిగినవారు. మనము భరింపగలమా?

ఇచ్చటనొక విచిత్రమును గమనింపుడు. న్యాయశాస్త్రమును బోధించు నల్సార్ విశ్వవిద్యాలయము మన శామీర్‌పేటలోనే యున్నది. అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రము 2021లో హైదరాబాదునందే స్థాపింపబడినది. అయినను మన పిల్లవాడు తన ముల్గీ తగవుకై రెండురాత్రులు రైలులో ప్రయాణము చేయవలసివచ్చెను. లోపము విద్యకు లేదు, సంస్థలకు లేదు. లోపము సంతకమునకు ముందు మనమడుగని ప్రశ్నయందున్నది.

మధ్యవర్తిని ఎవరు నియమింతురను విషయమున మాత్రము శాసనము మనకు గట్టిగా తోడ్పడుచున్నది. 2015 నాటి సవరణతో, కక్షిదారునకు ఉద్యోగిగాని సలహాదారుగాని దగ్గఱిబంధువుగాని అయినవాడు మధ్యవర్తిగా నుండరాదు. తగవుఫలితమునందు స్వార్థముగలవాడు ఏకైకమధ్యవర్తిని తానొక్కడే నియమింపరాదని 2019 నవంబరులో సుప్రీంకోర్టువారు చెప్పిరి. కంపెనీవారు తమకు నచ్చినవానిని నియమించినచో వెంటనే వ్రాతమూలకముగా ఆక్షేపించి, హైకోర్టుద్వారా నిష్పక్షపాతిని నియమింపజేసికొనవచ్చును. కాని యొక హెచ్చరిక. తగవు పుట్టినపిదప ఇరువురును వ్రాతపూర్వకముగా ఒప్పుకొన్నచో ఈ నిషేధము తొలగిపోవును. “ఏదో లాంఛనమండీ, సంతకము పెట్టుడు” అని ఒక చిన్నలేఖ పంపుదురు. ఆ లేఖమీద ఆలోచింపక సంతకము పెట్టరాదు.

తీర్పు మనవైపు వచ్చినను కొట్టు తిరిగి వచ్చునా? రాకపోవచ్చును. ఇండియన్ ఆయిల్ కార్పొరేషన్ వారికిని, అమృతసరమునందలి గ్యాసు పంపిణీదారునకును జరిగిన వ్యాజ్యము 1990లో తేలెను. రద్దు తప్పని యంగీకరించియు, ముప్పదిదినముల నోటీసుతో రద్దుచేయదగిన యొడంబడికను బలవంతముగా కొనసాగింపరాదనియు, నష్టపరిహారము ఆ ముప్పదిదినములకే చెల్లుననియు సుప్రీంకోర్టువారు చెప్పిరి. కావున రద్దు నోటీసు ఎన్ని దినములని యున్నదో చూడవలెను. ముప్పది యని యున్నచో మీరు పెట్టిన పెట్టుబడికి రక్షణ ముప్పదిదినములే యని గ్రహింపుడు. అట్లే పోటీవ్యాపారము చేయరాదను షరతు. ఒడంబడిక నడచునంతకాలము అట్టి షరతు చెల్లునని కోకాకోలా కంపెనీ, గుజరాత్ బాట్లింగ్ కంపెనీల వ్యాజ్యమున 1995లో తేలినది. ఒడంబడిక ముగిసినపిదప కూడ అదే వ్యాపారము చేయరాదను షరతు కాంట్రాక్టు చట్టము 27వ సెక్షను ముందు నిలుచుట కష్టము. పరులపేరు, పరుల రహస్యము వాడరాదు గాని, కులవృత్తిగా వచ్చిన వర్తకమును మానివేయుమని యెవ్వరును శాసింపలేరు.

వ్యయమును గూర్చి కొంత. చట్టముయొక్క నాలుగవ షెడ్యూలులో మధ్యవర్తి రుసుమునకు ఒక నమూనా కలదు. అయిదులక్షలవఱకు తగవునకు 45,000 రూపాయలు. ఇరువదిలక్షల తగవునకు 97,500 రూపాయలు. మధ్యవర్తి యొక్కడేయైనచో దీనిపై నాలుగవవంతు అధికము, అనగా మొత్తము 1,21,875 రూపాయలు. ముగ్గురు మధ్యవర్తులని వ్రాసికొన్నచో వ్యయమంతకంత పెరుగును. ప్రయాణములు, వకీళ్లు దీనికి వేఱు. చిన్నవర్తకునకు ముగ్గురు మధ్యవర్తుల షరతు గౌరవము కాదు, భారము. కాలము విషయమున, వాదప్రతివాదముల పత్రములు ఆఱునెలలలో ముగియవలెననియు, అటుపిమ్మట పండ్రెండునెలలలో తీర్పు రావలెననియు నియమము. ఇరువురును సమ్మతించిన మఱి ఆఱునెలలు. ఇరువురును కోరుకొన్నచో ఆఱునెలలలో ముగియు శీఘ్రవిచారణపద్ధతియు కలదు.

పైన చెప్పినదంతయు ఆఱుప్రశ్నలుగా కుదింపవచ్చును. తగవు ఏ నగరమున తేలును? మధ్యవర్తిని ఎవరు, ఎందఱిని నియమింతురు? నా కొట్టుకు ఎంతదూరములో ఇంకొక కొట్టు పెట్టరు? రద్దు నోటీసు ఎన్ని దినములు, ధరావతు ఏమగును? ముల్గీ అద్దె గడువు ఫ్రాంచైజీ గడువుతో కలియుచున్నదా? స్టాంపు సరిగా నున్నదా? ఈ ఆఱింటికి జవాబు కాగితముమీద చూపలేనివాడు నోటిమాటగా ఎన్ని చెప్పినను నమ్మవలదు. “మా నమూనా మారదు” అని కంపెనీవారందురు. మొదటిసారి అందఱును అట్లే యందురు. స్థానము హైదరాబాదు చేయుమని అడిగి సాధించినవారిని మేమెఱుగుదుము. అడిగినచో ఇయ్యకపోవచ్చును, అడుగకున్న ఎన్నడును ఇయ్యరు.

ఫ్రాంచైజీ నిచ్చు మన సోదరులకును ఒక విన్నపము. బలము మీదియైనపుడు ఏకపక్షపు షరతు వ్రాయవలెనని తోచును. అట్టి షరతు కోర్టులో చెదరినచో మీకే కాలహరణము. మీ పేరుమీద కొట్టు పెట్టుకొన్నవాడు చెడినచో, చెడునది మీ పేరే.

ఇక మన సంఘపు కర్తవ్యమేమి? “మన పెద్దలే కూర్చుండి తీర్పరాదా?” అని కొందఱు అడుగుచున్నారు. మనలో మనకు తగవైనచో, ఇరువురును వ్రాసి యొప్పుకొన్నచో, పెద్దలు నిష్పక్షపాతులైనచో, తీర్పవచ్చును. శాసనము దానిని గౌరవించును. బంధుత్వమున్నవారు మాత్రము ఆ పీఠముమీద కూర్చుండరాదు. కాని బయటి కంపెనీని మన సంఘపు తీర్మానము కట్టలేదు. గుంపుగా పోయి వారి యాఫీసుముందు కేకలు వేయుట న్యాయమునుకాదు, లాభమునుకాదు. రచ్చబండ పోయినదని విచారించుటకంటె, రచ్చకెక్కకముందే కాగితము చదివిపెట్టు పెద్దరికమును మనము నిలుపుకొనవలెను.

ఆ పిల్లవాని సంగతి ముగింతుము. రెండు వాయిదాలకు పోయివచ్చినపిదప, మూడవదానికి పైకము లేక, ధరావతులో సగము తీసికొని రాజీపడెను. ఓడినవాడు కోర్టులో ఏడ్చెను, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చెనని మన సామెత. అతడు గెలువనులేదు, ఓడనులేదు, నడుమనే అలసిపోయెను. ఇప్పుడు మేనమామ కొట్టులో లెక్కలు వ్రాయుచున్నాడు. బుద్ధిమంతుడు, కష్టపడువాడు. అతనికి కొఱవడినది తెలివికాదు. సంతకమునాడు ప్రక్కన కూర్చుండి చదివి చెప్పు ఒక పెద్దమనిషి.

కావున ఈ సభయెదుట ఒక తీర్మానమును ప్రతిపాదించుచున్నాము. మనవారిలో వకీళ్లు, లెక్కలెఱిగినవారు, అనుభవముగల వర్తకులు కలిసి ఐదుగురితో ఒక ఉపసంఘమును నియమింపవలెను. ఫ్రాంచైజీగాని, ఏజెన్సీగాని, ముల్గీ అద్దెగాని వ్రాసికొనబోవు మనవారెవ్వరైనను సంతకమునకు ముందు ఆ కాగితమును వీరికి చూపవచ్చును. వీరు రుసుము తీసికొనక పదిదినములలో చదివి, ఆఱుప్రశ్నలకును జవాబులు వ్రాసి యీయవలెను. పెట్టవద్దని గాని పెట్టుమని గాని చెప్పుట వారి పని కాదు. తెలిసి పెట్టునట్లు చేయుట వారి పని. ఇందులకు మేమును మా కాలము నీయగలవారము.

ఇకమీదట ఏ సోదరుడైనను ప్రారంభోత్సవమునకు మమ్ము పిలిచినచో తప్పక వత్తుము. దీపము వెలిగింతుము. కాని ముందురోజున ఒడంబడిక ప్రతి యొకటి మాకు పంపవలెనని కోరుచున్నాము.